లస్కరు గారి ఇద్దరు కోడళ్లు

పి.గన్నవరం దగ్గర నది మీదుగా కాలవని దాటించే అక్విడెక్టు దాటి రాజోలు వైపు వెళ్తుంటే కాలవగట్టునే ఒక ఊరు. ఆ ఊళ్లో ఒకే ప్రహరీలో రెండు వాటాల పెంకుటిల్లు. ఇంటిపెద్ద ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన అసలు పేరు రేషన్ కార్డులోనూ పెన్షన్ పుస్తకంలోనూ ఉంటుంది గానీ, ఊరందరికీ ఆయన లస్కరు గారే. మనమూ అలాగే పిలుద్దాం.

లస్కరంటే ఏం చేస్తాడని పట్నంలో పెరిగినవాళ్లు అడగొచ్చు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్లు కాయడం, గుర్రపుడెక్క తీయించడం. అన్నిటికంటే ముఖ్యంగా, ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు శివారు పొలం దాకా చేరుతున్నాయో లేదో కాళ్లరిగేలా తిరిగి చూడటం. పై రైతు ఎక్కువ తోడుకున్నాడని కింది రైతు, కింది రైతుకి కబుర్లెక్కువని పై రైతు, ఇద్దరూ కలిసి లస్కరుని తిడతారు. ముప్పై ఏళ్లు ఆ తిట్లు తిన్నవాడు కాబట్టి లస్కరు గారికి ఒక అలవాటు స్థిరపడిపోయింది. ఎవరేం చెప్పినా ముందు నమ్మడు. వెళ్లి చూసొస్తాడు.

పెద్దకొడుకు అమలాపురంలో ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాడు. చిన్నకొడుకు కువైట్‌లో ఉంటాడు. పెద్దకోడలు ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్లు చెబుతుంది. చిన్నకోడలు పెళ్లికి ముందు ఒక ప్రెస్సులో డీటీపీ నేర్చుకుంది. ఇప్పుడు ఇంట్లో కూర్చునే శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, తీర్థాలకి కరపత్రాలు కొట్టిస్తుంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, రంగు రంగుల వినాయకుడి బొమ్మలు, అదీ ఆమె వ్యాపారం.

2014 దసరాకి ఇద్దరికీ చెరో డెస్క్‌టాప్ కొన్నారు. అమలాపురంలో ఒకే షాపు, ఒకే బిల్లు. రెండూ కవలపిల్లలే. నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, నాలుగు జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు. తోడికోడళ్ల మధ్య తేడా రాకూడదని లస్కరు గారే దగ్గరుండి, మౌసు ప్యాడ్ల మీది బొమ్మ కూడా ఒకటేనా కాదా అని చూసి మరీ తెచ్చాడు.

పదేళ్లు గడిచాయి. రెండూ ఒకేలా ముసలివయ్యాయి. స్విచ్చి నొక్కి, పాలు పొయ్యి మీద పెట్టి, కాగాక కాఫీ కలుపుకుని వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. శుభలేఖ ఫైలు తెరిస్తే ముహూర్తం దాటిపోయేటట్టుండేది.

పెద్దకోడలికి విసుగొచ్చింది. విసుగు కంటే నామోషీ ఎక్కువనుకోండి. ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో ఒకడు, "మేడమ్, మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందండీ, ఇంత డబ్బా కాదు" అన్నాడట. ఆ మాట రాత్రికి భర్త చెవిన పడింది, నెల తిరక్కుండానే వాయిదాల మీద ల్యాప్‌టాప్ ఇంటికొచ్చింది. సన్నగా, వెండి రంగులో, చూడ్డానికి బాగానే ఉంది. తెచ్చిన రోజు నుంచీ అది పాత డబ్బా ఉన్న బల్ల మీదే, పాత డబ్బాకి పెట్టిన ప్లగ్గులోనే, ఛార్జరు తీయకుండా కూర్చుంది. ఒళ్లో పెట్టుకుందీ లేదు, ఊరికి పట్టుకెళ్లిందీ లేదు.

మానిటరు అటకెక్కింది. డబ్బా మాత్రం అడ్డమైంది. పాత సామాన్ల బండివాడు వీధిలో కేకేస్తే పిలిచి ఇచ్చేసింది. బేరమాడితే మూడొందలూ, పైన రెండు కేజీల ఉల్లిపాయలూ ఇచ్చాడు.

బండి గుమ్మం దాటుతుంటే లస్కరు గారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు.

"ఏవయ్యా, ఆ డబ్బా ఎంతకి తీసుకున్నావు?"

"మూడొందలండి. ఉల్లిపాయలు కూడా ఇచ్చానండి ఆయ్."

"మూడొందల యాభై ఇస్తాను, దించు. ఉల్లిపాయలు ఆవిడ దగ్గరే ఉండనీ."

ఆయనకి ర్యామ్ తెలియదు, రోమ్ తెలియదు. మరి ఎందుకు కొన్నాడు? బిల్లు తన పేరు మీద ఉంది. అప్పట్లో ముప్పై వేల చిల్లర లెక్కపెట్టి ఇచ్చిన చెయ్యి అది. మూడొందలకి వెళ్లిపోతుంటే ఊరుకోలేకపోయింది. అంతకంటే పెద్ద కారణం ఉందని నేననుకోను. మంచి పనులు చాలావరకు ఇలాంటి చిన్న కారణాలతోనే జరుగుతాయి.

ఇటు చిన్నకోడలు కూడా ఊరుకోలేదు. కువైట్‌కి ఫోన్ చేసి, "ఏవండీ, అక్క కొనుక్కుంది. నాదీ పని చెయ్యట్లేదు. నలభై వేలు పంపండి" అంది. అటునుంచి, "వచ్చే నెల చూద్దాం" అన్న మాట వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న మొగుళ్లందరికీ ఆ మాట నోటికొచ్చు. కానీ ఈసారి ఆ నెల గడువే కలిసొచ్చింది.

ఒకరోజు పొద్దున చిన్నకోడలు సిస్టమ్ ఆన్ చేసి తల పట్టుకుని కూర్చుంటే, లస్కరు గారు పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మాయ్, అది ఎక్కడ ఆగుతోంది?"

"ఎక్కడేంటి మావయ్యగారూ, మొత్తం ఆగిపోయింది."

"మొత్తం ఎప్పుడూ ఆగదమ్మా. శివారు రైతులూ ఇదే మాట అనేవారు, కాలవ మొత్తం ఎండిపోయింది లస్కరు గారూ అని. సైకిలేసుకుని వెళ్లి చూస్తే పైన నిండుగా నీళ్లుండేవి. ఏ తూము దగ్గరో గుర్రపుడెక్క చాపలా అడ్డం పడి ఉండేది. అది లాగేస్తే సాయంత్రానికి శివారు తడిసేది. దీంట్లో ఎక్కడ ఆగుతోందో చూసే వీలు లేదా?"

ఉంది. ఆ పిల్ల రోజూ ఆ యంత్రంతోనే బతుకుతున్నా ఎప్పుడూ చూడలేదు, అంతే. కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చింది. వరసగా గళ్లు. సీపీయూ 14 శాతం. మెమరీ 81. డిస్కు దగ్గర మాత్రం 100, ఆ గడి ముదురు రంగు తిరిగి ఉంది. లస్కరు గారు కళ్లజోడు పైకి తోసుకుని, తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఆ 100 దిగలేదు. సీపీయూ అంకె మాత్రం పదికీ ఇరవైకీ మధ్య తిరుగుతోంది.

"ఈ మొదటి గడి ఏంటమ్మా?"

"అది దాని బుర్రండి."

"బుర్ర ఖాళీగా కూర్చుంది కదా. ఈ నూరు చూపించేది?"

"అన్నీ దాచిపెట్టే డిస్కండి."

"ఇంకేం. నీళ్లు అక్కడే ఆగాయి."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. హార్డ్‌డిస్కంటే లోపల పళ్లెంలా తిరిగే చక్రం, డెస్క్‌టాప్‌లలో చాలావాటిలో నిమిషానికి 7,200 చుట్లు. దాని మీద ఒక సన్నటి చెయ్యి అటూ ఇటూ జరుగుతూ ఒక్కో ముక్కనీ వెతికి తేవాలి. ఒక్క పెద్ద ఫైలైతే వరసగా చదివేస్తుంది. కానీ విండోస్ లేచేటప్పుడు కావలసినవి వేల చిన్న చిన్న ఫైళ్లు, ఒక్కోటీ ఒక్కో మూల. ప్రాసెసరు ఎంత చురుకైనదైనా ఆ చెయ్యి తెచ్చేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. ఎస్‌ఎస్‌డీ అని కొత్త రకం డిస్కు వచ్చింది, అందులో తిరిగే చక్రం లేదు, వెతికే చెయ్యి లేదు, అంతా చిప్పులే. పాత డబ్బాకి వేగం వచ్చేది అక్కడే. మిగతావన్నీ దాని తర్వాతే.

రాజోలు నుంచి ఒక కుర్రాణ్ని పిలిపించారు. మోటారు సైకిల్ మీద ఒక సంచీ, అందులో స్క్రూడ్రైవరు, పెయింటు బ్రష్షు, స్కూలు పిల్లలు వాడే తెల్ల రబ్బరు. డబ్బా మూత తీయగానే లోపలి నుంచి దుమ్ము లేచింది. ఉత్త దుమ్ము కాదు, కొబ్బరి పీచు పొడి. పక్కనే పీచు మిల్లు ఉంటే ఇంకేం వస్తుంది? ప్రాసెసరు మీద ఫ్యాను రెక్కలకి ఆ పీచు జడలా అల్లుకుపోయింది. వెనకాల వాడని పోర్టులో కందిరీగ మట్టిగూడు కట్టి, పిల్లల్ని చేసి, ఎగిరిపోయింది కూడా. స్క్రూలు గాలి తేమకి తుప్పెక్కి ఒక పట్టాన కదల్లేదు. కుర్రాడు ఓపిగ్గా బ్రష్షుతో దులిపాడు, ఎండిపోయిన థర్మల్ పేస్టు గుడ్డతో తుడిచి, పప్పుగింజంత కొత్తది పెట్టాడు. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు తీసి చూపించాడు.

"అక్కా, ఆన్ చేసినప్పుడల్లా తేదీ పాతది చూపిస్తోందా?"

"ఆయ్, చూపిస్తోంది. బ్యాంకు సైటు తెరవనంటోంది."

"ఇది అయిపోయిందక్కా. నలభై రూపాయలు."

ఆ పిల్ల ఆ నలభై రూపాయల సెల్లు కోసం ఏడాదిగా ఇంటర్నెట్ కంపెనీ వాళ్లని తిడుతూ ఉంది.

తర్వాత కుర్రాడు ర్యామ్ దగ్గరికొచ్చాడు. రెండు గాళ్లలో ఒకటి ఖాళీ. "ఇంకో నాలుగు జీబీ వేస్తే బావుంటుందక్కా. ఇది డీడీఆర్3, కొత్తది దొరకడం కష్టం, పాతదే వెతకాలి" అన్నాడు. లస్కరు గారు లేచి వెళ్లి, మంచం కింద నుంచి మూడొందల యాభై పెట్టి కొన్న డబ్బాని రెండు చేతులతో ఈడ్చుకొచ్చాడు.

కవలపిల్ల కదా! అదే బోర్డు, అదే ర్యామ్. కుర్రాడు దాన్ని ఊడదీసి, బంగారు రంగు పళ్ల మీద రబ్బరుతో అటూ ఇటూ రుద్ది, తుడిచి, ఖాళీ గాట్లో పెట్టి ఆన్ చేస్తే పీప్, పీప్ అని అరిచింది, తెర మీద ఏమీ రాలేదు. చిన్నకోడలి మొహం వాడిపోయింది. తీసి, మళ్లీ రుద్ది, ఈసారి రెండు బొటనవేళ్లతో టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాడు. లెక్క ఎనిమిది జీబీ చూపించింది.

ఎస్‌ఎస్‌డీ 240 జీబీది, రెండు వేల లోపు. పాత డిస్కులోని సి డ్రైవుని ఉన్నదున్నట్టు దాంట్లోకి కాపీ చేశాడు. పదేళ్లుగా సర్దుకున్న ఫాంట్లు, మూసలు ఏవీ కదల్లేదు. అంతా కలిపి, కుర్రాడి కూలితో సహా, మూడు వేలు దాటలేదు. అర నిమిషం తిరక్కుండా తెర లేచింది. లస్కరు గారు ఆ గళ్ల పట్టిక మళ్లీ తెరిపించాడు. డిస్కు దగ్గర 3 అని ఉంది.

"పారుతోంది" అని లేచి స్నానానికి వెళ్లిపోయాడు.

కథ ఇక్కడితో అయిపోతే ఇది షాపువాళ్ల ప్రకటనలా ఉండేది. ఇంకా ఉంది.

పెద్దకోడలి డబ్బాలోంచి తీసిన హార్డ్‌డిస్కుని కుర్రాడు అదనంగా తగిలించి వెళ్లాడు. రెండు రోజులకి చిన్నకోడలు ఏముందోనని తెరిచి చూసింది. పదేళ్ల ఫోటోలు. మావగారి రిటైర్మెంటు నాడు మెడలో దండ, చేతిలో శాలువా. పెద్దమనవడి అక్షరాభ్యాసం. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో చేలో దిగబడి నవ్వుతున్న అత్తగారు. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. గోడ మీది దండ వేసిన ఫోటోలో ఆవిడ నవ్వదు. అన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి తోడికోడలికిచ్చింది.

పెద్దకోడలు ఒక్కొక్కటీ చూసి నుదురు కొట్టుకుంది. "రెండు కేజీల ఉల్లిపాయలకి అత్తయ్యని అమ్మేశాన్రా నాయనా!"

ఆ తర్వాత టీ సంగతి. పెద్దవాటాలో చిన్నమనవడు, ఆరేళ్లవాడు, ల్యాప్‌టాప్ మీద టీ గ్లాసు ఒలకబోశాడు. కీబోర్డు పోయింది. ఆ మోడల్లో కీబోర్డు పైకవరుతో కలిపే వస్తుంది, విడిగా మార్చడానికి లేదు. రాజమండ్రి పంపాల్సి వచ్చింది. పన్నెండు రోజులు, ఆరువేల చిల్లర, అప్పటికి వాయిదాలు ఇంకా నాలుగున్నాయి. నెల తిరిగాక అదే చెయ్యి పిన్ని కీబోర్డు మీద బూస్టు పోసింది. పిన్ని దాన్ని బోర్లించి ఎండలో పెట్టింది, పని చెయ్యకపోతే అమలాపురం వెళ్లే బస్సు కండక్టరుతో చెప్పి నాలుగొందల యాభైకి కొత్తది తెప్పించింది. సాయంత్రానికి కరపత్రం ప్రూఫు వెళ్లిపోయింది.

అయితే పెద్దకోడలు తెలివితక్కువదని అనుకోవద్దు. మరుసటేడు పెద్దమనవడికి ఇంజినీరింగ్ సీటొచ్చింది, హాస్టల్‌కి వెళ్లాడు. ల్యాప్‌టాప్ వాడి సంచీలోకి చేరింది. ఆ రోజు నుంచి దానికి అసలు పని దొరికింది. క్లాసుకి, లైబ్రరీకి, గదిలో మంచం మీదికి, సెలవులకి బస్సులో ఊరికి. డబ్బాని అలా మోసుకుపోలేడు కదా. ఇటు పెద్దవాటాలో ట్యూషన్ పిల్లలకి మళ్లీ యంత్రం లేకుండా పోయింది. అప్పుడు చిన్నకోడలు మూలనున్న కవలపిల్ల డబ్బాని తుడిచి, ఇంకో ఎస్‌ఎస్‌డీ, రాజోలు కుర్రాడి దగ్గర దొరికిన పాత ర్యామ్ పెట్టించింది. అటక మీది మానిటరు దిగింది. "మావయ్యగారికి మూడొందల యాభై ఇచ్చెయ్ అక్కా, నాకేం వద్దు" అంది. పెద్దకోడలు నాలుగొందలిచ్చింది. లస్కరు గారు యాభై తిరిగిచ్చాడు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి పైవే దాని జాబితాలో ఉన్నాయి. ఇది నాలుగో తరం.

"అయితే మావయ్యగారూ, ఇప్పుడు మొత్తం మార్చాలా?"

లస్కరు గారు కాలవ వైపు చూపించాడు. "మన అక్విడెక్టు చూశావు కదా. వైనతేయ పాయ మీద పాతది, 49 కమానులది, కాటన్ దొర రోజుల్లో కట్టారు. నూటయాభై ఏళ్లు మోసింది. ఇక మొయ్యలేదని తేలాక పక్కనే కొత్తది కట్టారు, 2000లో. డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. నేను అప్పుడు డ్యూటీలోనే ఉన్నాను. కాలవలు పూడ్చి కొత్త కాలవలు తవ్వలేదు. కమానుల మీద నీళ్లు ఇటు మళ్లించారు, అంతే. కానీ ఒకటి. పాతదానికే మరమ్మతులు చేసుకుంటూ ఇంకో వందేళ్లు లాగుతామని ఎవడూ అనలేదు."

చిన్నకోడలు లెక్క వేసుకుంది. ఇప్పటికి బ్యాంకు, ఇంటర్నెట్, కువైట్ వీడియో కాల్ లినక్సు మింట్‌లో. అది ఉచితం, పాత యంత్రం మీద బాగానే నడుస్తోంది. పేజ్‌మేకర్ పని పాత విండోస్‌లో, నెట్ వైరు పీకేసి. డబ్బులు కూడాక బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మూడూ ఒకేసారి మార్చాలి. క్యాబినెట్టు, మానిటరు, ఎస్‌ఎస్‌డీ, కీబోర్డు, యూపీఎస్ ఉన్నవే ఉంటాయి. కువైట్‌కి ఫోన్ చేసి ఈ లెక్క చెప్పింది. "వచ్చే నెల చూద్దాం" అన్నాడు అతను.

నీతి

ఎక్కడ ఆగిందో చూడకుండా మొత్తం మార్చేవాడు, డబ్బుతో పాటు ఇంకేం పారేస్తున్నాడో తెలుసుకోడు.

ఈ నీతిని "పాతదే మేలు" అని చదువుకునేవాళ్లుంటారు. లస్కరు గారు అలా అనలేదు, నేనూ అనను. పాత డబ్బా మీద మోజుతో డబ్బు తగలేసేవాళ్లని కూడా చూశాను. పదేళ్ల బోర్డులో పదిహేను వేల గ్రాఫిక్స్ కార్డు పెట్టి, క్యాబినెట్టుతో పాటు ఉచితంగా వచ్చిన నాసిరకం ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలికి కరెంటు అందించే పెట్టె) మీద దాన్ని నడిపించాలనుకుంటారు. ఆ ఎస్‌ఎమ్‌పీఎస్ పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోతుంది. పెట్టే ఖర్చు రేపు కొత్త యంత్రంలోకి కూడా వెంట వచ్చేదైతే ధైర్యంగా పెట్టొచ్చు. ఎస్‌ఎస్‌డీ, మంచి మానిటరు, పేరున్న ఎస్‌ఎమ్‌పీఎస్ అలాంటివి. డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డులో కూర్చోదు, పాత సాకెట్టు ప్రాసెసరూ అంతే. వాటిని సెకండ్‌హ్యాండ్‌లో, వందల్లో దొరికితే కొనండి, వేలు పెట్టొద్దు.

ల్యాప్‌టాప్ ఎవరికి? కదిలేవాళ్లకి. హాస్టల్ పిల్లలకి, ఊళ్లు తిరిగే ఉద్యోగులకి, ఇంట్లో బల్ల వేసుకునే చోటు లేని అద్దెగదివాళ్లకి అది విలాసం కాదు, అవసరం. కరెంటు పోతే కూడా నడుస్తుంది. కోనసీమలో గాలివాన రోజుల్లో అది చిన్న విషయం కాదు. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ కావాలి, దాని బ్యాటరీ కొన్నేళ్లకోసారి మార్చుకోవాలి, కరెంటు కూడా ఎక్కువే తాగుతుంది. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. కానీ ఒకే బల్ల మీద, ఒకే ప్లగ్గులో, పొద్దస్తమానం కదలకుండా కూర్చునే ల్యాప్‌టాప్‌కి ఆ కదిలే గుణం అక్కరకి రాదు. దాని ఇబ్బందులు మాత్రం అన్నీ ఉంటాయి. చిన్న తెర మీద మెడ వంచి పని, బోర్డుకే అతికించిన ర్యామ్, టీ చుక్క పడితే ఆరువేలు. కొనక తప్పదనుకుంటే, ర్యామ్ మార్చుకునే గాడి ఉన్న మోడలేదో షాపులో అడగండి. ఇంకా కొన్నిటికి ఉంది. అడిగితేనే చెబుతారు.

పెద్దకోడలి చేత ల్యాప్‌టాప్ కొనిపించింది వేగం కాదు, ట్యూషన్ పిల్లాడి మాట. దసరాకీ సంక్రాంతికీ షోరూముల ముందు కట్టే బ్యానర్లు కూడా ఆ పిల్లాడి గొంతుతోనే మాట్లాడతాయి. వాయిదా కాగితం మీద సంతకం పెట్టేముందు ఇంట్లో ఉన్న యంత్రంలో ఆ గళ్ల పట్టిక తెరిచి చూడటానికి రెండు నిమిషాలు చాలు. డిస్కు నూరు చూపిస్తుంటే ఎస్‌ఎస్‌డీ. మెమరీ నూరు తాకుతుంటే ర్యామ్. అయితే ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా ఎగిశాయి, కొనేముందు రెండు చోట్ల అడగండి. సీపీయూ గడియే ఎప్పుడూ నిండి ఉంటే, వైరస్సు లేదని తేల్చుకున్నాక, అప్పుడు కొత్త యంత్రం మాట ఎత్తొచ్చు.

పారేసిన డబ్బా ఎక్కడికి పోతుంది? 2022లో ప్రపంచమంతా కలిసి పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క దొరికింది నాలుగో వంతు కూడా లేదు. ఈ అంకె ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వేసిన నివేదికలోది. మిగతాదాంట్లో కొంత పాత సామాన్ల బండెక్కి, ఎక్కడో వైర్లు తగలబెట్టి రాగి తీసే పొగలో తేలుతుంది. మన దేశంలో ఈ-చెత్త నిర్వహణకి కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, తయారీదారులకి బాధ్యత కూడా పెట్టారు. బండివాడికి ఆ సంగతి తెలియదు, తెలిసినా వాడు చేసేదేమీ లేదు. వాడికి ఇచ్చేది మనం.

ఈ కథ చదివి డబ్బా మూత తెరవబోయేవాళ్లు ముందు ఒక పని చెయ్యండి. ఆ పాత హార్డ్‌డిస్కులో ఉన్న ఫోటోలు, సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు రెండు వేరు వేరు చోట్ల కాపీ పెట్టుకోండి, ఆ రెండూ తెరుచుకుంటున్నాయో లేదో ఒకసారి చూడండి. స్క్రూడ్రైవరు ఆ తర్వాత పట్టుకోండి.